పట్టీ తెంచిన చెయ్యి

న్యామెకె శవాన్ని కొమ్మల కింది నుంచి బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ న్యాంకోమ్ చెట్టు కొండవాలు మీద పైనుంచి కింది దాకా పడుకుని ఉంది. అవియెసో ఊరి మగాళ్లంతా కత్తులతో కొమ్మలు నరుక్కుంటూ లోపలికి వెళ్లారు. ముందు ఒక చెప్పు కనిపించింది. తర్వాత చెయ్యి.

జిల్లా సీఐడీ ఇన్‌స్పెక్టర్ అకూబా ఆర్మా అక్కడే నిలబడి చూస్తోంది. ఆమె కాళ్ల దగ్గర ఒక మనిషి మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. ఒట్టి చేతులతో కొమ్మలు లాగీ లాగీ అతని గోళ్లు పగిలి రక్తం కారుతోంది.

అతని పేరు కాకు. చనిపోయిన న్యామెకెకి స్వయానా చెల్లెలి మొగుడు. బావా బావమరదులు ఇద్దరూ కలిసే చెట్లు కొడతారు. ఎవరూ ముట్టుకోని, ఒక పక్కకి ఒరిగిన వాలు చెట్లు కొట్టాలంటే ఆ చుట్టుపక్కల అందరూ వాళ్లనే పిలుస్తారు.

"ఎలా జరిగింది?" అని అడిగింది అకూబా.

"నేనే చంపాను మేడమ్."

"ఏమన్నావ్?"

"నేనే చంపాను. రాసుకోండి."

చుట్టూ ఉన్న జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు. ఎవరో రాయి విసిరారు. కార్పొరల్ అస్సువా అడ్డం వెళ్లి కాకు రెక్క పట్టుకుని జీపులోకి నెట్టాడు.

అప్పుడు వచ్చాడు ఎజోవా. ఆ అడవిలో చెట్లు కొట్టించే కాంట్రాక్టర్. శవం మీద కప్పమని తన ట్రక్కులోంచి కొత్త దుప్పటి తెచ్చాడు. కాకు మోటారు రంపాన్ని కూడా మోసుకొచ్చి కార్పొరల్ చేతికిచ్చాడు.

"పొద్దున్నే ఇద్దరూ గొడవపడ్డారు మేడమ్. నేను పైన రోడ్డు మీద ట్రక్కు క్యాబిన్‌లో కూర్చున్నా. న్యామెకె కిందికి దిగాడు. వీడు పైన రంపం నడుపుతూనే ఉన్నాడు. చూస్తుండగానే చెట్టు వెళ్లిపోయింది. ఏం చెప్పను? నా కళ్లతో చూశా."

"కోర్టులో చెబుతావా?"

"ఎక్కడైనా చెబుతా." అతను కళ్లు తుడుచుకున్నాడు. "ఈ దుంగ ఇక్కడే వదిలేస్తే వర్షాలకి వాగులోకి జారిపోతుంది. తీసుకెళ్లనా?"

అకూబా పైకి చూసింది. చెట్టు కొట్టగా మిగిలిన మొద్దు కొండ మీద ఎక్కడో ఉంది. వాన మొదలైంది. ముద్దాయి తనే ఒప్పుకున్నాడు. సాక్షి కళ్లారా చూశానంటున్నాడు. ఇంక అంత ఎత్తు ఎక్కి చూసేది ఏముంది?

"తీసుకెళ్లు," అంది.

మర్నాడు పొద్దున ఆమె స్టేషన్‌కి వచ్చేసరికి మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తడిసిన బట్టలు. తల మీద గుడ్డ లేదు. చేతిలో చిన్న మూట.

"ఎవరమ్మా నువ్వు?"

"అబెన్లాని. చచ్చిపోయినవాడు మా అన్నయ్య. మీ సెల్లో ఉన్నది నా మొగుడు."

అకూబా తలుపు తీసింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఇంట్లోంచి గెంటేశారు మేడమ్," అంది అబెన్లా. "మా మేనమామ బ్లే. ఇంటికి పెద్ద. 'హంతకుడి పెళ్లానికి ఈ గుమ్మంలో చోటు లేదు' అన్నాడు. అన్నయ్య శవం దగ్గర కూర్చోనివ్వలేదు. ఏడవనివ్వలేదు."

"నేనేం చేయగలనమ్మా? నీ మొగుడే ఒప్పుకున్నాడు."

"ఆయన చెప్పేది అబద్ధం. అబద్ధమని ఆయనకే తెలీదు."

అకూబా కలం కింద పెట్టింది. "అంటే?"

"నేను అక్కడే ఉన్నా మేడమ్. వాళ్లిద్దరికీ తిండి తీసుకుని కింది బాటలో వస్తున్నా. మామూలుగా పై రోడ్డున వెళ్తా. నిన్న బురదగా ఉందని కింది నుంచి వెళ్లా. అన్నయ్య పైనుంచి నన్ను చూశాడు. చేతులూపుతూ దిగివచ్చాడు. 'ఒసేయ్ గాడిదా! చెట్టు కింద నీకేం పని? వెనక్కి పో!' అని అరిచాడు. నేను వెనక్కి తిరిగా. వాడు అక్కడే నిలబడి నేను వెళ్తున్నానో లేదో చూస్తున్నాడు. చెట్టు వైపు వీపు తిప్పి నిలబడ్డాడు."

ఆమె ఒళ్లోని మూటని గట్టిగా పట్టుకుంది.

"నా కోసం దిగాడు. అది నేను భరిస్తా, చచ్చేదాకా భరిస్తా. కానీ ఒక్క మాట అడుగుతా చెప్పండి. వాలు చెట్లు కొట్టి కొట్టి జుట్టు నెరిసిన మనిషి, చెట్టు పడిపోయేలా ఉంటే దానికి వీపు చూపిస్తాడా? అది ఆగి ఉంటుందని తెలిస్తేనే కదా అలా నిలబడతాడు?"

"మీ ఆయన రంపం నడుపుతున్నాడని కాంట్రాక్టర్ చూశాడట."

"రంపం చప్పుడు నేను వినలేదు మేడమ్. మనిషి అరుపు వినిపించింది అంటే రంపం నడవట్లేదనే కదా?"

మూల బెంచీ మీద నుంచి కార్పొరల్ అస్సువా నవ్వాడు. "మొగుడి కోసం పెళ్లాం ఏం చెప్పినా చెబుతుంది మేడమ్."

"పోయినవాడు నాకు ఎవడు?" అబెన్లా అతని మీదికి లేచింది. "నీ నోట్లో మట్టి పడ! పోయినవాడు నాకు ఎవడురా?"

అస్సువా తల దించుకున్నాడు.

అకూబా లేచి సెల్ వైపు నడిచింది.

కాకు గోడకి తల ఆనించి కూర్చున్నాడు. పక్కన పెట్టిన కెంకే, ఆ మొక్కజొన్న ముద్ద పొట్లం, విప్పకుండానే ఉంది. నిన్నటి నుంచి నీళ్లు కూడా ముట్టలేదని సెంట్రీ చెప్పాడు.

"లే. కొన్ని ప్రశ్నలున్నాయి."

"అన్నీ చెప్పాగా మేడమ్."

"ఎలా చంపావో చెప్పలేదు. గొడవ ఎందుకు?"

"గొడవా? ఎవరితో?"

"మీ బావతో. నిన్న పొద్దున."

అతను అర్థం కానట్టు చూశాడు. "బావతో నాకు గొడవేంటి మేడమ్? నాకు రంపం పట్టడం నేర్పిందే ఆయన."

"మరి చంపానన్నావ్?"

"పట్టీ పలచగా వదిలింది నేనే కదా."

"పట్టీ ఏంటి? నాకు తెలిసేలా చెప్పు."

కాకు రెండు చేతులూ ముందుకు చాచాడు. ఒక చేతిని చెట్టులా వాల్చి పెట్టాడు.

"వాలిన చెట్టుని మామూలు చెట్టులా వెనకనుంచి కోసుకుంటూ పోకూడదు మేడమ్. సగం కోయకముందే నిలువునా చీలుతుంది. చీలిన చెక్క పైకి లేచి కోసేవాడి గుండెల మీద తంతుంది. మా నాన్న అలాగే పోయాడు."

"మరి ఎలా కోస్తారు?"

"ముందు వాలిన వైపు తెరిచిన నోరులా ఒక గాటు కోస్తాం. ఆ నోటి వెనక, చెట్టు ఒరిగేటప్పుడు మడతపడే కీలుకి కావలసినంత చెక్క వదిలేస్తాం. తర్వాత పక్కనుంచి రంపం ముక్కు చెట్టు పొట్టలోకి పొడుస్తాం. లోపలే వెనక్కి కోసుకుంటూ వస్తాం. చివరిదాకా రాం. వీపు దగ్గర కొంత చెక్క ఉంచుతాం. అదే పట్టీ. ముందు కీలు, వెనక పట్టీ, మధ్యలో అంతా బోలు. చెట్టు బరువంతా పట్టీ లాగి పట్టుకుంటుంది. అది ఉన్నంతసేపు చెట్టు కదలదు. అందరూ పక్కకి తప్పుకున్నాక పట్టీ తెంపుతాం. చెట్టు చీలదు, తన్నదు. చూసిన వైపుకే వెళ్తుంది."

"నిన్న ఎవరు కోశారు?"

"నేనే. బావ పక్కనుండి చూశాడు. పట్టీ బెత్తెడు ఉంచమన్నాడు. ఉంచాననే అనుకున్నా." అతను చేతులు దించేశాడు. "ఉంచి ఉండను మేడమ్. ఉంచితే దానంతటది ఎందుకు తెగుతుంది? నా చెయ్యి తప్పింది. బావని చంపింది నా చెయ్యే."

"పట్టీ తెగినప్పుడు నువ్వు ఎక్కడ?"

"వాగు దగ్గర. రంపం పళ్లకి ఆకురాయితో సాన పడుతున్నా."

"అప్పుడా? చెట్టుని సగంలో వదిలేసి?"

"లోపల రంపానికి ఏదో ఇనుము తగిలింది మేడమ్. నిప్పులు లేచాయి. పళ్లన్నీ మొద్దుబారాయి. ఎలాగో లాక్కుంటూ పట్టీ దాకా వచ్చా. ఇక తెగలేదు. బావ 'వాగు దగ్గర చదును రాయి ఉంది, దాని మీద పెట్టి సాన పట్టుకురా, నేను చెట్టు దగ్గరుంటా' అన్నాడు."

"ఆ ఇనుము ఏంటి?"

"చూడలేదు. బావ గొడ్డలితో బెరడు చెక్కి చూస్తానన్నాడు. నేను వెళ్తుంటే చప్పుడు వినిపించింది. కాసేపు ఆగింది. మళ్లీ వినిపించింది. టక్, టక్, టక్. ఇంకా చెక్కుతున్నాడే అనుకున్నా. అప్పుడే చెట్టు విరిగిన చప్పుడు."

అకూబా ఒక్కసారి తల ఎత్తింది.

"మళ్లీ వినిపించిందా? చెట్టు పడేముందు?"

"అవును మేడమ్."

ఆ సమయానికి న్యామెకె చెట్టు దగ్గర లేడు. కింద చెల్లెల్ని తిడుతున్నాడు.

మరి గొడ్డలి ఎవరి చేతిలో ఉంది?

"అస్సువా! రంపం ఎక్కడ పెట్టావ్?"

సామాన్ల గదిలో రంపం గోనెపట్టాలో చుట్టి ఉంది. అకూబా దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురులో గొలుసు తిప్పింది. ఒక్కొక్క పన్నూ చూసింది.

కొన్ని పళ్లు కొత్త నాణెంలా మెరుస్తున్నాయి. కాస్త ముందుకి తిప్పేసరికి మెరుపు పోయింది. అక్కడి నుంచి మిగిలిన పళ్లన్నీ గుండ్రంగా అరిగి, ఎర్ర పొట్టు అంటుకుని ఉన్నాయి.

"చూడు," అంది.

అస్సువా వంగి చూశాడు. "సగమే సాన పట్టాడు."

"సాన పట్టిన పళ్లకి పొట్టు ఉందా?"

"లేదు మేడమ్. శుభ్రంగా ఉన్నాయి."

"అంటే సాన మొదలెట్టాక ఈ రంపం చెక్కని ముట్టుకోలేదు. చెట్టు పడేటప్పుడు వీడు రంపం నడుపుతున్నాడని ఎజోవా ఎందుకన్నాడు?"

ఆమె రంపాన్ని మళ్లీ గోనెపట్టాలో చుట్టింది.

"జీపు తీయి."

కొండ ఎక్కుతుంటే అకూబాకి ఊపిరి ఆడలేదు. ఎత్తు వల్ల కాదు. నిన్న ఎక్కాల్సిన కొండ ఇది. అబెన్లా వెనకే వస్తోంది. రావద్దన్నా వినలేదు.

మొద్దు దగ్గరికి చేరగానే అకూబా ఆగిపోయింది.

మొద్దు పైభాగం అద్దంలా ఉంది. నోటి గాటు లేదు. కీలు లేదు. పట్టీ లేదు. ఎవరో మొద్దుని నేలకి దగ్గరగా ఇంకోసారి అడ్డంగా కోసేశారు. కోసి తీసిన పళ్లెం లాంటి చెక్క ఎక్కడా కనిపించలేదు. పక్కన బూడిద కుప్ప మాత్రం వానకి తడిసి ఉంది.

అబెన్లా ఆ మొద్దుని చేత్తో తడిమింది. "ఇంకేం లేదు మేడమ్. ఏమీ లేదు."

ఆమె అక్కడే బురదలో కూలబడింది.

అకూబా మొద్దు చుట్టూ తిరిగింది. చదునుగా కోసిన ఎర్ర చెక్కలో ఒక పక్కన సన్నటి నల్లటి చార కనిపించింది. సిరా ఒలికినట్టుంది. వేలితో రుద్దింది. పోలేదు. చెక్క లోపలి నుంచే ఉంది.

"ఇదేంటి?"

అబెన్లా కళ్లు తుడుచుకుని చూసింది. "ఇనుము మరక. పచ్చి చెక్కలో మేకు ఏళ్ల తరబడి ఉంటే ఇలాగే నల్లబడుతుంది. మరక పైనుంచి కిందికి దిగుతుంది."

"అయితే ఆ ఇనుము దీనికి పైన ఉంది. దుంగలో."

దిగువన షెడ్డులో ఎజోవా కూర్చుని టీ తాగుతున్నాడు. వాళ్లని చూసి లేచి కుర్చీ వేశాడు.

"మొద్దు ఎందుకు కోయించావ్?"

"న్యాంకోమ్ కలప మేడమ్! నేలలో జానెడు వదిలినా నష్టమే. నేను ఎప్పుడూ ఇంతే, కింది దాకా కోయిస్తా."

"తీసిన చెక్క ఏది?"

"కూలీలు వంటకి వాడుకున్నారేమో."

"దుంగ?"

"తెల్లవారకుండానే వెళ్లిపోయింది. మీరే కదా తీసుకెళ్లమన్నారు?" అతని మొహంలో మర్యాద తప్ప ఇంకేమీ లేదు. "తకోరాడి ఓడరేవు దారిలో సామిల్లు. ఈపాటికి పలకలైపోయి ఉంటుంది."

అకూబా అస్సువాని కేకేసింది. జీపు వైపు పరిగెత్తింది.

దారి పొడవునా గుంతలు. వాగు దగ్గర వంతెన మీద ఒక లారీ ఇరుక్కుపోయింది. అస్సువా హారన్ మోగించాడు, తిట్టాడు, చివరికి దిగి భుజం పెట్టి తోశాడు. అకూబా సామిల్లుకి ఫోన్ చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మిల్లులో రంపం నడుస్తుంటే ఫోన్ మోత ఎవరికి వినిపిస్తుంది? మళ్లీ చేసింది. మళ్లీ.

వెనక సీట్లో అబెన్లా పెదవులు కదుపుతోంది. ప్రార్థనో, శాపమో తెలియలేదు.

"ఒకవేళ కోసేసి ఉంటే?" అంది ఉన్నట్టుండి.

అకూబా మళ్లీ నంబరు నొక్కింది. కోసేసి ఉంటే కాకు జైలుకి పోతాడు. జైలు దాకా కూడా పోడేమో. అన్నం నీళ్లు మానేసిన మనిషి ఎన్నాళ్లుంటాడు? అతని గొంతు మీద కత్తి పెట్టింది ఎజోవా అయినా, దుంగ తీసుకెళ్లమని చెప్పిన నోరు తనదే.

మిల్లు గేటు దగ్గరే రంపం రొద వినిపించింది.

అకూబా జీపు ఆగకముందే దూకింది. షెడ్డులో గొలుసులు బిగించిన పెద్ద ఎర్ర దుంగ. దాని పక్కన పొడవాటి మోటారు రంపం పట్టుకున్న మనిషి. రంపం అప్పటికే బెరడులో దిగుతోంది.

"ఆపు!"

అతనికి వినిపించలేదు. అకూబా వెళ్లి అతని భుజం పట్టి వెనక్కి లాగింది. రంపం ఆగింది. పొట్టు ఆమె జుట్టు నిండా పడింది.

"ఎవరమ్మా నువ్వు? పిచ్చా?"

"పోలీస్. ఏం కోస్తున్నావ్?"

"మొదలు వైపు చివర. మూరెడు కోసి బాయిలర్‌లో వేయమన్నాడు సరుకు యజమాని. పొద్దున్నించి రెండుసార్లు మనిషిని పంపాడు. ఆ పని అయ్యాకే మిగతాది కోయాలంట. దీని ముందు వేరే సరుకు ఉండి ఆలస్యమైంది."

"ఎవరా యజమాని? ఎజోవానా?"

"ఆయనే."

అకూబా దుంగ చివర దగ్గరికి వెళ్లి వంగింది. అబెన్లా అప్పటికే అక్కడ ఉంది. చెట్లు కొట్టేవాళ్ల ఇంట పుట్టి, చెట్లు కొట్టేవాడి ఇంట మెట్టిన మనిషి. ఒక్క చూపు చాలింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేడమ్," అంది. "మేడమ్, ఇటు చూడండి."

మర్నాడు పొద్దున మిల్లు ఆవరణలో అందరినీ నిలబెట్టింది అకూబా.

బేడీలతో కాకు. నిలబడలేక అస్సువా మీద వాలాడు. అతనికి కొంచెం దూరంలో అబెన్లా. ఆమెకి ఎదురుగా సంతాపం బట్టల్లో మేనమామ బ్లే. ట్రక్కు డ్రైవర్ సులేమానా. అటవీ శాఖ నుంచి వచ్చిన రేంజర్ మియెజా. అందరికంటే ముందు ఎజోవా. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోన్.

"మేడమ్, నాకు పోర్టులో పని ఉంది," అన్నాడు.

"ఎంతోసేపు పట్టదు. ఎజోవా, చెట్టు పడేటప్పుడు నువ్వు ఎక్కడున్నావ్?"

"చెప్పా కదా. ట్రక్కు క్యాబిన్‌లో."

"కాకు ఏం చేస్తున్నాడు?"

"రంపంతో కోస్తున్నాడు."

అకూబా రంపం గొలుసు తీసి రేంజర్ చేతిలో పెట్టింది. "మీరు చూసి చెప్పండి. దీంతో చెట్టు కోయొచ్చా?"

మియెజా గొలుసు తిప్పి చూసింది. "సగం సాన పట్టి వదిలేశారు. సాన పట్టిన పళ్లు చెక్కని తాకనే లేదు."

"సాన పడుతుండగా చెట్టు పడింది. కాబట్టి కాకు మొద్దు దగ్గర లేడు. న్యామెకె కింద ఉన్నాడు, అతని చెల్లెలు చూసింది. చెట్టు దగ్గర ఉన్నది గొడ్డలి ఒక్కటే. ఇప్పుడు అందరూ ఇలా రండి."

దుంగ చివరని నీళ్లతో కడిగి ఉంచారు. ఎర్ర చెక్క ఎండలో మెరుస్తోంది.

"మొద్దుని మళ్లీ కోసేశారు. అందులో ఉన్న గాట్లు బూడిదయ్యాయి. కానీ ఏ గాటుకైనా రెండు మొహాలుంటాయి. ఒకటి మొద్దులో ఉంటే రెండోది దుంగలో ఉంటుంది." ఆమె వేలితో చూపించింది. "ఇది కీలు. పీచులు లేచింది. ఇదంతా రంపం కోసిన నున్నటి భాగం. ఇక్కడి నుంచి పట్టీ. కాకు, ఇలా రా."

అస్సువా బేడీలు విప్పాడు. కాకు కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు.

"నీ చెయ్యి దాని మీద పెట్టు."

కాకు నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి పట్టీ మీద ఆనించాడు. వేళ్ల పక్కన ఇంకా చెక్క మిగిలింది. అతను చెయ్యి తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు.

"బెత్తెడు కంటే ఎక్కువే ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఎక్కువే వదిలాను."

"అందులో ఏం కనిపిస్తోంది?"

అతని వేళ్లు చెక్క మీద తడుముకుంటూ వెళ్లాయి. ఏటవాలుగా మెట్లుమెట్లుగా గాట్లు. చివర మాత్రం కాస్త పీచు.

"గొడ్డలి." అతని గొంతు మారిపోయింది. "దీన్ని గొడ్డలితో నరికారు. మేడమ్, ఇది దానంతటది తెగలేదు!"

జనంలో కలకలం రేగింది. ఎజోవా నవ్వాడు.

"గొడ్డలి వాళ్లదే. న్యామెకె వెళ్లేముందు తనే కొంత నరికి ఉంటాడు. నాకేం సంబంధం?"

"సంబంధం ఇక్కడుంది."

అకూబా దుంగ పక్కకి వెళ్లింది. కోతకి కాస్త పైన బెరడులో కిటికీలా చెక్కిన చోటు. "నిన్న ఇందులో బురద కూరి ఉంది. ఈడ్చేటప్పుడు అంటుకున్న బురద కాదు, వేళ్లతో నొక్కిన బురద. కడిగితే ఇది బయటపడింది. మియెజా గారూ, ఏంటది?"

రేంజర్ వంగి చూసింది. చెక్కలో సగం మునిగిన ఇనుప పలక. దాని మీద నంబరు. కింద మేకు మీద రంపం గీసిన తెల్లటి గీతలు.

"రిజర్వు అడవి సరిహద్దు గుర్తు," అంది మియెజా. "పాతకాలంలో కొట్టింది. బెరడు పెరిగి కప్పేసింది. ఈ చెట్టు రిజర్వుది. దీన్ని కొట్టే పర్మిట్ ఎవరికీ లేదు. దీనికి అవతల కొట్టినవి ఏమైనా ఉంటే అవన్నీ దొంగ కలపే."

"ఎజోవా, అవతల ఎన్ని కొట్టించావ్?"

అతను చేతిలోని ఫోన్ వంక చూసుకున్నాడు.

"న్యామెకె ఈ పలక చూశాడు. నీకూ చూపించాడు. అటవీ శాఖకి చెబుతానన్నాడు. అవునా?"

"కథలు చెబుతున్నారు."

"సరే, ఒక్క ప్రశ్న. నేలలో జానెడు కలప పోతే నష్టమని మొద్దు కోయించిన మనిషివి. అదే దుంగ చివర మూరెడు కలప కోసి బాయిలర్‌లో పారేయమని ఎందుకు చెప్పావ్? రెండుసార్లు మనిషిని ఎందుకు పంపావ్?"

ఎజోవా మిల్లు మనిషి వైపు చూశాడు. ఆ మనిషి మొహం తిప్పుకున్నాడు.

"కలప మీద ప్రేమతో మొద్దు కోయించలేదు నువ్వు. మొద్దులో గొడ్డలి గాట్లు ఉన్నాయి. దుంగలో గాట్లూ ఉన్నాయి, పలకా ఉంది. ఆ రెండు చోట్లే కోయించాలని తెలిసిన మనిషి ఒక్కడే. నరికినవాడు."

"నేను క్యాబిన్‌లో ఉన్నా! సులేమానాని అడగండి!"

అందరూ డ్రైవర్ వైపు తిరిగారు. సులేమానా టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"నాకు ముగ్గురు పిల్లలు మేడమ్. ఈయన దగ్గరే పని."

"తెలుసు. క్యాబిన్‌లో ఉన్నాడా?"

కాకు అతనికేసి చూస్తున్నాడు. అడగడం లేదు, బతిమాలడం లేదు. చూస్తున్నాడంతే. సులేమానా ఆ చూపు తట్టుకోలేకపోయాడు.

"లేడు. నేను పడుకున్నా. చెట్టు చప్పుడుకి లేచా. పక్క సీటు ఖాళీ. ఈయన కింద కొండవాలు నుంచి రొప్పుతూ ఎక్కొచ్చాడు. 'నేను నీ పక్కనే ఉన్నా, గుర్తుందిగా?' అన్నాడు. అల్లా మీద ఒట్టు, అంతే నాకు తెలుసు."

ఎజోవా చేతిలో ఫోన్ జారి పొట్టులో పడింది. అతను దాన్ని తీసుకోవడానికి వంగలేదు.

"వినమన్నా వాణ్ణి," అన్నాడు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. "కాళ్లు పట్టుకున్నా. చెట్టు దించాక తిన్నగా ఆఫీసుకే వెళ్తానన్నాడు. బోలు చేసిన చెట్టుని బాటకి పైన అలా నిలబెట్టి వదలకూడదు కాబట్టి దించుతున్నా, లేకపోతే దించేవాణ్ణే కాదన్నాడు. అప్పుడే చెల్లెలు కనిపించింది. కిందికి దిగాడు. గొడ్డలి నా కాళ్ల దగ్గరే వదిలేసి దిగాడు."

"అతను చెట్టు కింద ఉన్నాడని చూసే నరికావా?"

"నా వైపు వీపు పెట్టాడు," అన్నాడు ఎజోవా. "ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే ఆగిపోయేవాణ్ణి. తిరగలేదు."

అబెన్లా గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపులా లేదు. అస్సువా ముందుకు వెళ్లి, కాకు చేతుల నుంచి తీసిన బేడీలనే ఎజోవా చేతులకి వేశాడు.

ట్రక్కు వెళ్లింది. జీపు వెళ్లింది. కాకు ఇంకా దుంగ దగ్గరే ఉన్నాడు. పట్టీ మీద చెయ్యి తీయడం లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. రెండు రోజులుగా లోపల గడ్డకట్టినదంతా ఇప్పుడు బయటికి వస్తోంది.

మేనమామ బ్లే కర్ర ఆనించుకుంటూ వచ్చి అబెన్లా ముందు ఆగాడు. ఆమె కళ్లలోకి చూడలేక నేల చూశాడు.

"రేపు మీ అన్నని పూడుస్తున్నాం తల్లీ. ఇంటికి రా."

"హంతకుడి పెళ్లాన్ని కదా మామయ్యా?"

"తప్పయింది."

"నాతో కాదు చెప్పాల్సింది."

ముసలాయన కర్ర గోడకి ఆనించి, తడబడుతూ దుంగ దాకా నడిచాడు. కాకు తల ఎత్తాడు.

"అల్లుడూ," అన్నాడు బ్లే. "శవపెట్టె మోయడానికి మావైపు ముగ్గురే ఉన్నారు. తల వైపు నువ్వు పట్టాలి."

కాకు పట్టీ మీది నుంచి చెయ్యి తీశాడు. ఆ చేతిని తిప్పి అరచెయ్యి చూసుకున్నాడు. చొక్కాకి తుడుచుకుని ముసలాయన చేతికి అందించాడు.